కళలు, జనం, డబ్బులు: ఈ రీసెర్చ్ మీద అందరూ అడిగే ప్రశ్నలు

కళల్లో ఎంతమంది ఉన్నారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇందులో దిగితే బతకొచ్చా లేదా, వీటి మీద వచ్చే సర్వేలూ స్టడీలూ చదవడం నా పని. కొన్నాళ్ళు నేనే ఫోన్ సర్వేలు కూడా చేశా. ఎవరు కలిసినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక రాసి పడేద్దామని కూర్చున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

అసలు కళల మీద రీసెర్చ్ ఏంటి? పాట బాగుందో లేదో లెక్కేస్తారా?

లేదండి, బాగుందో లేదో మాకు అనవసరం. ఎవరు చూస్తున్నారు, ఎవరు చేస్తున్నారు, ఎవరు డబ్బు పెడుతున్నారు, చేసేవాళ్ళ ఇల్లు ఎలా గడుస్తోంది, ఈ నాలుగే. ఇందులో ఎకనామిస్టులు ఉంటారు, సోషియాలజీ వాళ్ళు ఉంటారు, ఈమధ్య డాక్టర్లు కూడా వచ్చి చేరారు.

"పార్టిసిపేషన్" అంటే ఏవి లెక్కలోకి వస్తాయి?

గొడవంతా ఇక్కడే. నేను ఫోన్ సర్వే చేసే రోజుల్లో ఒకావిడ్ని "మీరు కళల్లో ఏమైనా పాల్గొంటారా అండీ" అని అడిగా. "అబ్బే, నాకు కళలతో సంబంధమే లేదు బాబూ" అన్నారు. సరేనని "లేదు" మీద టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోతుంటే "ఒక్క నిమిషం, సూది ఎక్కడో పడిపోయింది" అన్నారు, ఏం చేస్తున్నారమ్మా అంటే ఎంబ్రాయిడరీ అట, ముప్పై ఏళ్ళ నుంచి రోజూ కుడుతున్నారట, పక్కింటి పిల్లలకి నేర్పించారట కూడా. ఇప్పుడు ఆవిడ పార్టిసిపెంటా కాదా? నా ఫారంలో అయితే కాదు. ఫారంలో "కళలు" అనే మాట ఉంది, ఆవిడ దృష్టిలో కళలంటే స్టేజీ, లైట్లు, పెద్దవాళ్ళు.

అందుకే మంచి సర్వేలు ఆ మాట జోలికే పోవు. గత 12 నెలల్లో పాడారా, కుట్టారా, బొమ్మ వేశారా, వాయిద్యం వాయించారా, ఫోటోలు తీశారా, నాటకం చూశారా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతాయి. అలా అడిగేసరికి నంబర్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. జనాలేం మారలేదు, ప్రశ్న మారింది అంతే. కాబట్టి ఎవరైనా "ఇంత శాతం మంది కళల్లో పాల్గొంటున్నారు" అంటే ముందు ప్రశ్న ఎలా అడిగారో చూపించమనండి.

ఇలాంటి లెక్కలు ఎవరు తీస్తారు?

ఎక్కువకాలంగా నడుస్తున్నవాటిలో ఒకటి అమెరికాది. అక్కడ కళలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్ళు జనాభా లెక్కల శాఖతో కలిసి 1982 నుంచి కొన్నేళ్ళకోసారి చేస్తున్నారు. 2017లో 54% పెద్దవాళ్ళు ఏడాదిలో కనీసం ఒక్క కార్యక్రమానికైనా నేరుగా వెళ్ళామన్నారు, 2022కి వచ్చేసరికి అది 48%కి పడింది, కోవిడ్ దెబ్బ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కానీ అదే 2022 సర్వేలో ఏదో ఒకటి స్వయంగా చేశాం, పాడాం, గీశాం అన్నవాళ్ళు 52%. అంటే వెళ్ళి చూసినవాళ్ళ కంటే ఇంట్లో చేసుకున్నవాళ్ళే ఎక్కువ! వార్తల్లో మాత్రం మొదటి నంబరే వచ్చింది, "కళలకి ఆదరణ తగ్గింది" అని హెడ్డింగ్ పెట్టి.

ఇంగ్లండ్‌లో 2005లో టేకింగ్ పార్ట్ అని ఒకటి మొదలైంది, అది ఆపేసి 2021లో పార్టిసిపేషన్ సర్వే అని కొత్తది తెచ్చారు. పద్ధతి మారింది కాబట్టి పాత నంబర్లనీ కొత్త నంబర్లనీ పక్కపక్కన పెట్టి పెరిగింది తగ్గింది అనకూడదు, అయినా అనేవాళ్ళు అంటూనే ఉంటారు.

సర్వేలో జనం నిజమే చెప్తారా?

అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పరండి. కానీ రెండేళ్ళ క్రితం చూసిన నాటకం మొన్ననే చూసినట్టు గుర్తుంటుంది, దాన్ని "గత 12 నెలల్లో" వేసేస్తారు. ఇంకోటి మ్యూజియంకి వెళ్ళలేదని చెప్పుకోడానికి కొంచెం మొహమాటం, టీవీ ఎంతసేపు చూస్తారో చెప్పడానికి ఇంకా మొహమాటం. ఇంకా ముఖ్యమైంది, ఇది కళల సర్వే అని ముందే చెప్తే కళలంటే ఇష్టమున్నవాళ్ళే ఆగి జవాబిస్తారు, మిగతావాళ్ళు ఫోన్ పెట్టేస్తారు, దాంతో నంబర్ ఉబ్బుతుంది. అందుకే ఉద్యోగాల సర్వేలాంటి పెద్ద సర్వేకి ఈ ప్రశ్నల్ని తోకలాగా తగిలిస్తారు, అమెరికావాళ్ళు చేసేది అదే.

జనం రాకపోవడానికి కారణం టికెట్ రేటేనా?

రేటు ఒక కారణమే, కాదనను. కానీ అమెరికాలో 2012లో వెళ్ళాలని ఉండి కూడా వెళ్ళలేకపోయినవాళ్ళని కారణం అడిగితే మొదట చెప్పింది టైం లేదని, డబ్బు ఆ తర్వాత, దాదాపు దానికి సమానంగా అక్కడిదాకా వెళ్ళడం కష్టం అని. ఐదుగురిలో ఒకరికి కాస్త పైగా "తోడు వచ్చేవాళ్ళు లేరు" అన్నారు. నాకు ఈ చివరిదే బాగా గుర్తుండిపోయింది. టికెట్ సగం ధరకి ఇవ్వగలం, తోడు ఎక్కణ్ణుంచి ఇస్తాం?

ఇంకో ఉదాహరణ. ఇంగ్లండ్‌లో 2001 డిసెంబర్‌లో జాతీయ మ్యూజియాలన్నిట్లో ఎంట్రీ ఫ్రీ చేసేశారు. వచ్చేవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది, అది నిజం. కానీ ఎవరొచ్చారని చూస్తే ఎక్కువగా ముందు నుంచీ వచ్చే తరహా జనమే, బాగా చదువుకున్నవాళ్ళు, కాస్త ఉన్నవాళ్ళు, వాళ్ళే ఇంకా ఎక్కువసార్లు వచ్చారు. గేటు తీసేస్తే అందరూ వచ్చేస్తారనుకున్నాం గానీ చాలామందికి ఆ గేటు కంటే ముందే ఇంకో గేటు ఉంది. "అది మనలాంటివాళ్ళు వెళ్ళే చోటు కాదులే" అనే గేటు. పియర్ బూర్ద్యూ అని ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ 1960ల్లోనే ఐరోపా మ్యూజియాల్లో సర్వే చేసి ఇదే చెప్పాడు, చదువు, చిన్నప్పటి ఇంటి వాతావరణం, వీటిని బట్టే ఎవరొస్తారో చాలావరకు తెలిసిపోతుందని.

అంటే ఉన్నవాళ్ళు క్లాసికల్, లేనివాళ్ళు మాస్, అంతేనా?

అంత సింపుల్‌గా లేదు. 1990ల్లో రిచర్డ్ పీటర్సన్ అనే సోషియాలజిస్ట్ అమెరికా లెక్కలు తిరగేసి ఒక తమాషా విషయం పట్టుకున్నాడు, పై వర్గాలవాళ్ళు క్లాసికల్ ఒక్కటే వింటారనుకుంటే వాళ్ళు అన్నీ వింటున్నారు, జానపదం, రాక్, ఏదైనా. వీళ్ళకి "ఆమ్నివోర్" అని పేరు పెట్టాడు, అంటే ఏదైనా తినేసే రకం. ఒకే రకానికి అంటిపెట్టుకున్నవాళ్ళు కింది వర్గాల్లో ఎక్కువ కనిపించారు. అంటే హోదా చూపించుకోడానికి ఇప్పుడు ఒకటి తెలిస్తే చాలదు, అన్నీ తెలియాలి.

కళలుంటే ఎక్కువకాలం బతుకుతారని వాట్సాప్‌లో వచ్చింది, నిజమా?

ఆ ఫార్వర్డ్‌కి మూలం ఉంది లెండి. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీ అది, ఇంగ్లండ్‌లో 50 దాటిన 6,710 మందిని 14 ఏళ్ళు గమనించారు. కొన్ని నెలలకోసారైనా మ్యూజియంకో నాటకానికో కచేరీకో వెళ్ళేవాళ్ళలో చనిపోయే రిస్క్, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే 31% తక్కువ కనిపించింది, ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్ళినవాళ్ళలో 14% తక్కువ. ఆదాయం, జబ్బులు, నడవగలరా లేదా, ఇవన్నీ లెక్కలోంచి తీసేశాక మిగిలిన నంబర్లివి.

అయినా సరే, ఇది గమనించి రాసిన స్టడీయే, ప్రయోగం కాదు. ఆరోగ్యం బాగున్నవాళ్ళే బయటికి వెళ్ళగలుగుతారు కదా, ఆ ముడి పూర్తిగా విప్పడం ఎవరివల్లా కాలేదు, రాసినవాళ్ళు కూడా అదే ఒప్పుకున్నారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ 3,000కి పైగా స్టడీల్ని కలిపి ఒక రిపోర్ట్ వేసింది, అందులో మంచివీ ఉన్నాయి, బలహీనమైనవీ ఉన్నాయి. మందులు మానేసి కచేరీకి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

పిల్లలకి సంగీతం నేర్పిస్తే తెలివి పెరుగుతుందా?

ఈ కథ 1993లో మొదలైంది. 36 మంది కాలేజీ స్టూడెంట్స్‌కి పది నిమిషాలు మొజార్ట్ అనే పాశ్చాత్య క్లాసికల్ సంగీతకర్త రాసిన సంగీతం వినిపించి, ఆకారాల్ని మనసులో తిప్పి చూసే ఒక రకం పరీక్ష పెడితే స్కోర్ కాస్త పెరిగింది, అది కూడా ఓ పది పదిహేను నిమిషాలే ఉంది. అంతే విషయం. దాన్ని పట్టుకుని 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ క్లాసికల్ సీడీ ఇవ్వాలని బడ్జెట్ అడిగాడు. గోరంతలు కొండంతలు అంటే ఇదే.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు. 2004లో కెనడాలో గ్లెన్ షెల్లెన్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ 144 మంది ఆరేళ్ళ పిల్లల్ని లాటరీ తీసి విడగొట్టాడు, కొందరికి కీబోర్డ్, కొందరికి గాత్రం, కొందరికి నాటకం, కొందరికి ఏమీ లేదు. సంగీతం పిల్లల ఐక్యూ మిగతావాళ్ళ కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది, అంటే చాలా చిన్న తేడా. నాటకం పిల్లల్లో ఐక్యూ అలా అదనంగా పెరగలేదు గానీ నలుగురిలో మెలగడం బాగుపడింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే నలుగురిలో మెలగడానికి మార్కులు వెయ్యరు కదా. నన్నడిగితే లెక్కల మార్కుల కోసం అయితే లెక్కలే నేర్పించండి, పాట పాట కోసమే నేర్పించండి.

నాటకం, కచేరీ టికెట్ల మీదే ఎందుకు బతకలేవు? మేనేజ్‌మెంట్ చేతకాకేనా?

చేతకానివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కానీ 1966లో బామల్, బోవెన్ అనే ఇద్దరు ఎకనామిస్టులు దీనికి వేరే కారణం చెప్పారు. బీథోవెన్ రాసిన క్వార్టెట్ వాయించడానికి ఆయన కాలంలో నలుగురు కావాలి, అరగంటో ముప్పావుగంటో పట్టేది, ఇప్పుడూ నలుగురే, అంతే టైం. ఈలోపు ఫ్యాక్టరీలో ఒక మనిషి గంటలో చేసే సరుకు ఎన్నో రెట్లు పెరిగింది, దాంతో జీతాలు పెరిగాయి. వయొలిన్ వాయించేవాళ్ళకి కూడా ఆ జీతాలకి దగ్గర్లో ఇవ్వకపోతే వాళ్ళు వెళ్ళిపోతారు, ఇవ్వాలంటే ఖర్చు ఏటేటా పెరుగుతుంది, పని మాత్రం అంతే. స్పీడుగా వాయించి ఇరవై నిమిషాల్లో ముగించలేం, ముగ్గురితో సరిపెట్టలేం. దీన్నే "కాస్ట్ డిసీజ్" అంటారు. బడులకీ ఆసుపత్రులకీ కూడా ఇదే జబ్బు.

రికార్డింగులు వచ్చాయిగా, ఒకసారి వాయిస్తే కోట్లమంది వింటారుగా అని వాదించేవాళ్ళున్నారు, అందులో పాయింట్ ఉంది. కానీ ఆ డబ్బు లైవ్‌లో వాయించే ఆ నలుగురికే చేరుతుందని ఏం లేదు.

ప్రభుత్వాలు కళలకి డబ్బు ఎలా ఇస్తాయి?

ఒక్కో దేశానిది ఒక్కో దారి. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టారు, దాని వెనక ఉన్నది ఎకనామిస్ట్ కీన్స్. డబ్బు ప్రభుత్వానిది, ఎవరికివ్వాలో మాత్రం మంత్రి చెప్పకూడదు, కౌన్సిల్ చెప్తుంది. కాగితం మీద మంచి పద్ధతే. ఫ్రాన్స్ 1959లో ఏకంగా కల్చర్‌కి ఒక మంత్రిత్వ శాఖనే పెట్టింది. అమెరికాలో 1965లో నేషనల్ ఎండోమెంట్ వచ్చింది గానీ అక్కడ అసలు సాయం నేరుగా కనపడదు, విరాళమిచ్చినవాళ్ళకి పన్ను తగ్గిస్తారు, అదీ ఒకరకంగా ప్రభుత్వం వదులుకున్న డబ్బే.

నాకు వీటికంటే ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది కళాకారుడి బతుకుని నేరుగా పట్టుకున్న పద్ధతులు. ఫ్రాన్స్‌లో స్టేజీ, సినిమా పనివాళ్ళు 12 నెలల్లో 507 గంటలు పని చూపిస్తే పని లేని రోజుల్లో భృతి వస్తుంది, అక్కడి నటులు ఆ 507 చుట్టూనే ఏడాదంతా లెక్కలేసుకుంటూ తిరుగుతారు. జర్మనీలో 1983 నుంచి ఫ్రీలాన్స్ కళాకారులకీ రచయితలకీ ఒక బీమా నిధి ఉంది, ప్రీమియంలో సగమే వాళ్ళు కడతారు, 30% వాళ్ళ పనిని కొనుక్కునే కంపెనీలు, 20% ప్రభుత్వం. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, కాకపోతే ఇక్కడ పంచుకునేది పుణ్యం.

నెదర్లాండ్స్‌ది ఇంకో కథ, 1949 నుంచి 1987 దాకా ఆదాయం లేని ఆర్టిస్టుల దగ్గర ప్రభుత్వమే బొమ్మలు కొనేది. కొంది, కొంది, కొంటూనే పోయింది, చివరికి గోడౌన్లు నిండిపోయి వాటిని ఏం చేయాలో తెలియక తల పట్టుకున్నారు. ఆర్టిస్టులకి అన్నం పెట్టింది నిజమే, ఆ బొమ్మల్ని చూసే కన్ను మాత్రం ఎవరూ పెట్టలేదు.

కళల మీద ఒకటి పెడితే ఐదు తిరిగొస్తాయంటారు, నమ్మొచ్చా?

నమ్మకండి. నమ్మేముందు కనీసం ఒక్క ప్రశ్న వెయ్యండి: ఈ కచేరీ లేకపోతే ఆ జనం ఆ డబ్బు ఇంకెక్కడా ఖర్చుపెట్టేవాళ్ళు కాదా? ఊళ్ళో ఉన్నవాళ్ళే సినిమా మానేసి కచేరీకొస్తే ఊరికి కొత్తగా వచ్చింది ఏమీ లేదు, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది. 1980ల నుంచే ఎకనామిస్టులు ఇలాంటి రిపోర్టుల్ని ఏకుతున్నారు, అయినా ఏటా వస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఫండింగ్ ఇచ్చేవాళ్ళు ఆ భాషే వింటారు.

దీనికంటే నిజాయితీ ఉన్న పద్ధతి ఒకటుంది. 1997లో వచ్చిన ఒక స్టడీ కోసం డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ రాయల్ థియేటర్ గురించి జనాల్ని అడిగారు, దీనికోసం మీ పన్నులోంచి ఎంత ఇస్తారు అని. అందులో అడుగుపెట్టనివాళ్ళు కూడా ఇస్తామన్నారు, మొత్తం కలిపితే ప్రభుత్వం ఇస్తున్న సబ్సిడీకి తక్కువ కాలేదు. తను వెళ్ళకపోయినా అది ఉండాలని మనిషి కోరుకుంటాడు. ఇలాంటి ప్రశ్నలకి నోటితో ఎంతైనా చెప్పొచ్చు కదా అంటారా, ఆ అనుమానం న్యాయమైనదే.

దాతల దగ్గర అడిగేటప్పుడు "మీరెంతిస్తే మేం అంత కలుపుతాం" అంటే పనిచేస్తుందా?

చాలామంది అదే మంత్రం అనుకుంటారు. మ్యూనిక్‌లోని బవేరియన్ స్టేట్ ఒపెరా ప్రేక్షకుల మీద దీన్నే పరీక్షించారు, ఫలితం 2011లో వచ్చింది. పిల్లల సంగీతం ప్రాజెక్టుకి విరాళం అడుగుతూ వేలమందికి ఉత్తరాలు, కొందరికి మామూలు ఉత్తరం, కొందరికి "ఒక పెద్దమనిషి ఇప్పటికే 60,000 యూరోలు ఇచ్చారు" అని, కొందరికి "మీరిచ్చినదానికి ఆయన జోడిస్తారు" అని. బాగా పనిచేసింది రెండోది! జోడిస్తామంటే చాలామంది తమ చేతి నుంచి ఇచ్చేది తగ్గించేసుకున్నారు. ఎలాగూ ఆయన కలుపుతాడుగా అని.

క్రౌడ్‌ఫండింగ్ పెడితే చెత్తకే డబ్బులొస్తాయి కదా?

క్రౌడ్‌ఫండింగ్ అంటే ఇంటర్నెట్‌లో చాలామంది దగ్గర చిన్నచిన్న మొత్తాలు పోగుచేయడం, కిక్‌స్టార్టర్ అలాంటి ఒక సైట్. 2016లో వచ్చిన ఒక స్టడీలో అక్కడి నాటకం ప్రాజెక్టుల్ని తీసుకుని నిపుణులకి చూపించి వీటిలో దేనికిస్తారు అని అడిగారు. జనం, నిపుణులు చాలావరకు ఒకేమాట మీద ఉన్నారు, తేడా వచ్చినచోట జనమే కాస్త ఉదారంగా ఇచ్చారు. అయితే క్రౌడ్ అంటే తెలియని జనసముద్రం అని మోసపోకండి, చిన్న ప్రాజెక్టులకి ముందుగా ఇచ్చేది ఫ్రెండ్సూ చుట్టాలే, రెండోసారి అడగడానికి మొహం చెల్లదు.

అసలు ఆర్టిస్టులు ఎంతమంది ఉన్నారు?

ఎవర్ని ఆర్టిస్ట్ అంటారో చెప్పండి, ఎంతమందో చెప్తా. జనాభా లెక్కల్లో సాధారణంగా "గత వారం ఎక్కువ గంటలు ఏ పని చేశారు" అని అడుగుతారు. ఒకమ్మాయి వారానికి పాతిక గంటలు కాల్ సెంటర్‌లో చేసి, ఇరవై గంటలు నాటకం రిహార్సల్ చేసిందనుకోండి, ఆ లెక్కలో ఆవిడ కాల్ సెంటర్ ఉద్యోగి, నటి అనేది ఎక్కడా పడదు. ఆ వారం రిహార్సల్ ముప్పై గంటలైతే నటి. వారం మారితే వృత్తి మారిపోతుంది! గంటలు చూడాలా, ఆదాయం చూడాలా, సంఘంలో సభ్యత్వం చూడాలా, లేక తనే "నేను ఆర్టిస్ట్‌ని" అంటే చాలా? యునెస్కో 1980లో చేసిన సిఫార్సులో ఈ చివరిదానికే ఎక్కువ చోటిచ్చింది, తనని తాను కళాకారుడిగా భావించుకోవడం అందులో ముఖ్యం, సంఘం, ఉద్యోగం ఉండాలని లేదు.

లిస్టే లేనివాళ్ళని పట్టుకోడానికి రీసెర్చర్లు గొలుసు పద్ధతి వాడతారు, ఒక జాజ్ సంగీతకారుడు తనకి తెలిసిన ఇంకో ముగ్గుర్ని చెప్తాడు, వాళ్ళు ఇంకొందర్ని. అమెరికాలో జాజ్ వాళ్ళని అలాగే లెక్కేశారు.

ఆర్టిస్టులు అందరూ పేదవాళ్ళేనా? మరి ఎందుకు మానరు?

సగటు చూస్తే ఉన్న చదువుకి తగ్గ సంపాదన రాదు, ఇది దేశదేశాల్లో కనిపించేదే. కానీ సగటే ఇక్కడ మోసం, పైన పదిమంది కోట్లు తీసుకుంటారు, కింద వేలమందికి చిల్లర. షెర్విన్ రోసెన్ అనే ఎకనామిస్ట్ 1981లో దీన్ని వివరించాడు, రికార్డింగ్ వచ్చాక అందరూ నంబర్ వన్‌నే వినగలిగితే కొంచెం తక్కువ బాగా పాడేవాణ్ణి ఎందుకు వింటారు, టాలెంట్‌లో తేడా వీసమెత్తు, ఆదాయంలో తేడా పుట్టెడు.

ఎందుకు మానరు అన్నదానికి ఆస్ట్రేలియాలో డేవిడ్ థ్రాస్బీ అనే ఎకనామిస్ట్ 1980ల నుంచి ఆర్టిస్టుల్ని అడుగుతూ వస్తున్నాడు. మామూలు ఉద్యోగికి జీతం పెంచితే పని ఇంకాస్త చేస్తాడంటారు కదా. ఆర్టిస్ట్‌కి డే జాబ్‌లో, అంటే ఇల్లు గడవడానికి చేసే ఉద్యోగంలో జీతం పెంచితే ఏం చేస్తాడో తెలుసా, ఆ ఉద్యోగంలో గంటలు తగ్గించుకుని మిగిలిన టైం బొమ్మలకి పెడతాడు. డబ్బు వాళ్ళకి టైం కొనుక్కోడానికి. నా దృష్టిలో ఈ మొత్తం ఫీల్డ్‌లో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. మంత్రిత్వ శాఖలూ, కౌన్సిళ్ళూ, దాతలూ అని ఇంతసేపు చెప్పుకున్నాం గానీ కళలకి అతి పెద్ద ఫండింగ్ వాళ్ళ దగ్గర్నుంచి రావట్లేదు. పగలు ట్యూషన్ చెప్పి రాత్రి పాట కట్టే మనిషి, ఆ మనిషికి అద్దె కట్టే భార్యో భర్తో అమ్మో, వీళ్ళ దగ్గర్నుంచి వస్తోంది. ఈ డబ్బు ఏ బడ్జెట్‌లోనూ కనపడదు.

టాలెంట్ ఉంటే ఎప్పటికైనా పైకొస్తారు కదా?

2006లో వచ్చిన ఒక ప్రయోగం చెప్తా. 14,341 మందికి ఎవరికీ తెలియని 48 పాటలు ఇచ్చి నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. కొందరికి మిగతావాళ్ళు ఏం తీసుకున్నారో కనపడదు, మిగతావాళ్ళని ఎనిమిది వేరువేరు లోకాలుగా విడగొట్టారు, ఎవరి లోకంలో ఏ పాట ఎన్నిసార్లు తీసుకున్నారో వాళ్ళకి కనపడుతుంది. ఎవరి ప్రభావం లేనప్పుడు 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక లోకంలో మొదటి స్థానం కొట్టింది, ఇంకో లోకంలో 40వది! మరీ బాగున్నవి పూర్తిగా మునగలేదు, మరీ బాగోనివి తేలలేదు, మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగొచ్చు. మనలో ఎక్కువమంది ఉండేది ఆ మధ్యలోనే. ఆవగింజంత అదృష్టం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎవరు తూకం వేస్తున్నారన్నదీ ముఖ్యమే. అమెరికా ఆర్కెస్ట్రాల్లో 1970ల నుంచి ఆడిషన్‌కి తెర కట్టడం మొదలుపెట్టారు, మొహం కనపడకుండా. అడుగుల చప్పుడుతో ఆడో మగో తెలిసిపోతుందని కొన్నిచోట్ల కార్పెట్ కూడా పరిచారు. దీనివల్ల ఆడవాళ్ళకి అవకాశం పెరిగిందని 2000లో ఒక పేరున్న స్టడీ వచ్చింది, అందులోని నంబర్లు అంత గట్టివి కావని తర్వాత విమర్శలూ వచ్చాయి. ఆర్కెస్ట్రాల్లో ఆడవాళ్ళు బాగా పెరిగిన మాట వాస్తవం, అందులో తెర వాటా ఎంతన్నదే తగాదా.

ఇంటి నుంచి డబ్బు లేకపోతే ఈ లైన్‌లోకి రాకూడదా?

రాకూడదని నేను చెప్పను, కానీ కళ్ళు తెరుచుకుని రండి. యూకేలో 2018లో వచ్చిన ఒక రిపోర్ట్ ప్రకారం సంగీతం, నాటకం, చిత్రకళ రంగాల్లో కార్మిక కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు 18.2% మాత్రమే, దేశం మొత్తంలో వాళ్ళు మూడో వంతు దాకా ఉన్నా. కారణం పెద్ద బ్రహ్మరహస్యం కాదు, మొదటి రెండేళ్ళు జీతం లేకుండా "ఎక్స్‌పోజర్" కోసం చేయమంటారు, అలా చేయగలిగేది ఇంట్లో గడిచేవాళ్ళే. లోపలికొచ్చినవాళ్ళని అడిగితే "ఇక్కడ టాలెంటే ముఖ్యం" అంటారు, బాగా స్థిరపడినవాళ్ళు ఇంకా గట్టిగా అంటారు.

ఆర్ట్స్ డిగ్రీ వేస్టా?

డబ్బు ఒక్కటే కొలబద్ద అయితే లాభసాటి బేరం కాదు. పని మీద తృప్తి అడిగితే జవాబులు బాగుంటాయి. చదివినవాళ్ళు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఒకటే, గీయడం నేర్పారు గానీ బిల్లు రాయడం, కాంట్రాక్ట్ చదవడం, పన్ను కట్టడం నేర్పలేదు అని.

కళాకారులకి నెలనెలా డబ్బిచ్చేస్తే ఏమవుతుంది?

ఐర్లాండ్ చేసి చూసింది. 2022లో 2,000 మందిని లాటరీలో ఎంపిక చేసి మూడేళ్ళపాటు వారానికి 325 యూరోలు, ఏం చేశారని లెక్క అడగకుండా. లాటరీలో రాని 1,000 మందిని పోల్చి చూడ్డానికి పెట్టుకున్నారు, వాళ్ళకి సర్వేలు నింపినందుకు మాత్రం కొంచెం డబ్బు ఇచ్చారు. కళాకారుల మీద ఇంత పద్ధతిగా చేసిన ప్రయోగాలు చాలా తక్కువ.

డబ్బొస్తే పడుకుంటారన్నవాళ్ళ అంచనా తప్పింది. తీసుకున్నవాళ్ళు వారానికి కొన్ని గంటలు ఎక్కువ కళ మీద పనిచేశారు, రంగులూ పరికరాలూ స్టూడియోల మీద ఎక్కువ ఖర్చుపెట్టారు, డే జాబ్ గంటలు తగ్గించుకున్నారు, ఆందోళన, డిప్రెషన్ తగ్గాయన్నారు. థ్రాస్బీ చెప్పింది గుర్తుందా, అచ్చం అదే. మరి కళ బాగుపడిందా అంటే, దాన్ని కొలిచే త్రాసు ఎవరి దగ్గరా లేదు.

నాకు గ్రాంట్ రాలేదు, నా పని బాగోలేదనా?

అస్సలు కాదు. ఒకసారి నేను ఎంపిక కమిటీ పక్కన నోట్స్ రాసుకుంటూ కూర్చున్నా. పైన ఉన్న నాలుగైదు అప్లికేషన్ల మీద ఎవరికీ వాదన లేదు, అట్టడుగున ఉన్నవాటి మీదా లేదు, మధ్యలో ఉన్న ఓ ఇరవై మీద మూడు గంటలు కొట్టుకున్నారు. పొద్దున చూసినప్పుడు "ఏముంది ఇందులో" అన్న ఫైల్‌నే సాయంత్రం అలసిపోయాక అదే మనిషి "పర్లేదులే, ఇద్దాం" అన్నాడు. పైన చెప్పిన పాటల కథే ఇక్కడ కూడా. అందుకే కొందరు ఒక స్థాయి దాటినవాళ్ళ మధ్య లాటరీ తీసేయడమే మేలంటున్నారు, నాకూ ఆ వాదన నచ్చుతుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఒక అప్లికేషన్‌కి మీకు నాలుగు రోజులు పట్టి, వంద మంది అప్లై చేస్తే నాలుగు వందల రోజుల పని, పైసా ఇవ్వకుండా. పదిమందికి గ్రాంట్ ఇచ్చి మేం కళల్ని ఆదుకున్నాం అని రిపోర్ట్ వేసుకుంటారు, మిగతా తొంభైమంది రాసి పడేసిన రోజులు ఏ రిపోర్ట్‌లోనూ ఉండవు.

మా చిన్న గ్రూప్ సొంతంగా సర్వే చేసుకోవాలంటే?

చేసుకోండి, మూడు జాగ్రత్తలు చాలు. వచ్చినవాళ్ళనే అడిగి ఊరుకోకండి, రానివాళ్ళు ఎందుకు రాలేదన్నదే మీకు కావాలి, పాత టికెట్ లిస్టులో ఏడాదిగా కనపడని పాతికమందికి ఫోన్ చేసినా వెయ్యి ఫీడ్‌బ్యాక్ కాగితాల కంటే నయం. "బాగుందా" అని అడక్కండి, మొహమాటానికి బాగుందనే అంటారు, "ఎవరితో వచ్చారు, ఎలా తెలిసింది, ఎంతసేపు ప్రయాణం" అని అడగండి. ప్రశ్నలు ఎనిమిది దాటనివ్వకండి.

నేను ఆర్టిస్ట్‌ని, సర్వేవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తాలా?

ఎత్తండి బాబూ. "మీ ప్రధాన వృత్తి ఏంటి" అంటే జీతమొచ్చేది ఒక్కటే చెప్పి పెట్టేయకండి, రెండో పని కూడా చెప్పండి, దానికి వారానికి ఎన్ని గంటలో చెప్పండి. ఫారంలో దానికి గడి లేదంటే పక్కన మార్జిన్‌లో రాసుకోమనండి. ఎంబ్రాయిడరీ ఆవిడ విషయంలో నేను అదే చేశా, "లేదు" మీద పెట్టిన టిక్ కొట్టేసి పక్కన చిన్న అక్షరాలతో "ముప్పై ఏళ్ళు, రోజూ" అని రాశా. మా సూపర్‌వైజర్ తిట్టాడు అనుకోండి.